మా టీమ్‌లో ఎంతమంది

సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మా ఇంటి కింది భాగంలో నా భార్య జాకెట్లు, చుడీదార్లు కుట్టే షాపు నడుపుతుంది. పైన మేముంటాం. ఉద్యోగం పోయాక కూడా నేను రోజూ పొద్దున్నే స్నానం చేసి, టిఫిన్ తిని, పడకగదిలో కిటికీ పక్కనున్న బల్ల ముందు లాప్‌టాప్ తెరుచుకుని కూర్చునేవాణ్ణి. కింద నుంచి కుట్టు మిషన్ల చప్పుడు వినిపిస్తూ ఉండేది. ఇల్లు గడుస్తున్నది ఆ మిషన్ల మీదేనని నాకు తెలుసు. అందుకే భోజనానికి పిలిచేదాకా కిందికి దిగేవాణ్ణి కాదు. షాపుకి వచ్చిన ఆడవాళ్లెవరైనా "మీ వారికి ఇవాళ సెలవా?" అని అడిగితే నా భార్య "లేదండీ, ఇంటి నుంచే పని" అనేది. పైన కూర్చున్న నాకు ఆ మాట మెట్ల మీదుగా వినపడేది. పూర్తిగా అబద్ధం అనడానికి లేదు. పనంటూ ఒకటి నాకు ఉండేది. దానికి జీతమే లేదు.

ఆ పనేమిటో చెప్పాలి. ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి యంత్రానికీ ఐపీ అడ్రస్ అని ఒక నంబరు ఉంటుంది. క్లౌడ్ కంపెనీలు తమ యంత్రాలను ప్రపంచమంతా అద్దెకిస్తాయి కాబట్టి వాటి దగ్గర ఇలాంటి నంబర్లు గుట్టలుగా ఉంటాయి. ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా మావి, వీటిలో ఇవి ముంబై కేంద్రానివి, ఇవి ఫలానా సేవకి వాడుతున్నవి అని ఒక పెద్ద క్లౌడ్ కంపెనీ అందరికీ కనిపించేలా ప్రకటిస్తుంది. మారినప్పుడల్లా కొత్తగా ప్రకటిస్తుంది. నేను రాసింది దాన్ని చదివి పెట్టుకునే ఒక లైబ్రరీ. పుస్తకాల లైబ్రరీ కాదు. వేరే ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాములో కలుపుకుని వాడుకునే కోడ్‌ని కూడా లైబ్రరీ అనే అంటారు. దానికి ఒక నంబరు ఇస్తే, అది ఆ క్లౌడ్ కంపెనీదో కాదో, అయితే ఏ ఊరి కేంద్రానిదో చెబుతుంది. తమ వెబ్‌సైటు తలుపు తట్టింది ఇంట్లో కూర్చున్న మనిషా, ఎక్కడో అద్దె యంత్రంలో నడుస్తున్న ప్రోగ్రామా అని తెలుసుకోవాలనుకునేవాళ్లు దాన్ని వాడతారు.

దాన్ని నేను పాత ఆఫీసులో ఉన్నప్పుడే రాశాను. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ఆఫీసువాళ్లే అనుమతి ఇచ్చారు. ఆ తర్వాత వాళ్లు ఇక్కడి శాఖ మూసేసి మమ్మల్ని పంపించేశారు. లైబ్రరీ మాత్రం నా పేరు మీద ఉండిపోయింది. ఎక్కడెక్కడి వాళ్లో దాన్ని వాడేవారు. తప్పులుంటే రాసేవారు, కొత్తవి కావాలని అడిగేవారు. నేను జవాబులు రాసేవాణ్ణి. ఆఫీసు రోజుల అలవాటు కొద్దీ ఆ జవాబుల్లో ఎప్పుడూ "మేము" అనే ఉండేది. మేము పరిశీలిస్తాం, మా టీమ్ చర్చించి చెబుతుంది, మాకు కొంత సమయం ఇవ్వండి. చర్చించడానికి ఆ గదిలో నేనూ, అల్మరా మీద పెట్టిన అట్టపెట్టెలూ తప్ప ఎవరూ లేరు. కానీ "నేను" అని రాస్తే ఆ మనిషికి వేరే పనేమీ లేదా అని వాళ్లు అనుకుంటారనిపించేది.

అలా రాసేవాళ్లలో గాలిపటం బొమ్మ పెట్టుకున్న మనిషి ఒకరుండేవారు. పేరు ఉండాల్సిన చోట ఏవో రెండు అక్షరాలు, అంతే. మొదటిసారి రాసినప్పుడే నా లైబ్రరీలో పెద్ద తప్పు పట్టుకున్నారు. ఒక్కోసారి నంబర్ల పెద్ద వరుసలో ఇంకో చిన్న వరుస ఇమిడి ఉంటుంది. బోయిన్‌పల్లి అన్నా మా వీధి అన్నా రెండూ సరైనవే, కానీ ఇల్లు వెతుక్కునేవాడికి వీధి పేరే కావాలి. నా కోడ్ ముందు దొరికిన పెద్ద వరుసని చెప్పేసి ఊరుకునేది. ఆ గాలిపటం మనిషి ఉదాహరణతో సహా చూపించి, ఎలా దిద్దాలో కూడా రాసి పంపారు. ఆ తర్వాత కొన్నాళ్లకి, నంబర్లను మొదటి నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోకుండా, డిక్షనరీలో మాట వెతికినట్టు మధ్యలో తెరిచి, సగం వదిలేసి, మిగతా సగంలో మళ్లీ మధ్యలో తెరిచే పద్ధతిలో వెతికే భాగమంతా తిరగరాసి పంపారు. లైబ్రరీ గుర్తు పట్టలేనంత వేగంగా తయారైంది. ఇద్దరం ఇంగ్లిషులో, చాలా మర్యాదగా రాసుకునేవాళ్లం. ఎక్కడో దూరదేశంలో ఉండే కుర్రవాడని నేను అనుకునేవాణ్ణి.

ఒకసారి ఆ మనిషి జవాబు ఆలస్యమైంది. రెండు రోజులుగా గాలివానకి మౌలాలిలో కరెంటు లేదు, క్షమించాలి అని రాశారు. నేను ఆ మాటని మళ్లీ మళ్లీ చదివాను. ఉత్సాహం ఆపుకోలేక, మేము కూడా సికింద్రాబాద్‌లోనే ఉన్నాం అని రాసేశాను. వెంటనే తెలుగులో జవాబొచ్చింది. "సార్, నిజంగనా! మీ ఆఫీసు ఎక్కడో చెప్పండి, ఒక్కసారి వచ్చి కలుస్తా."

ఆఫీసు అన్న మాట దగ్గర ఆగిపోయాను. అందరం ఇళ్ల నుంచే పనిచేస్తున్నాం అని రాసి, స్టేషన్ దగ్గర ఒక ఇరానీ హోటల్లో కలుద్దామన్నాను.

ఆ రోజు పాత ఆఫీసు చొక్కా బయటికి తీస్తే నా భార్య చూసింది. "ఇంటర్వ్యూ ఏమైనా ఉందాండీ?" అంది.

"లేదు. టీమ్ మీటింగ్."

ఆమె ముఖం విప్పారింది. చొక్కా నా చేతిలోంచి తీసుకుని కిందికి వెళ్లి, కస్టమర్ల బట్టలు పక్కన పెట్టి ఇస్త్రీ చేసి తెచ్చింది.

హోటల్లో నేను ఒక కుర్రవాడి కోసం చూస్తున్నాను. ముప్పై అయిదు దాటిన ఒకావిడ, బురఖాలో ఉన్న పెద్దావిడని చెయ్యి పట్టుకుని తీసుకొస్తూ, లైబ్రరీ పేజీలోని నా ఫొటోని బట్టి గుర్తుపట్టి తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది. "నమస్తే సార్. గాలిపటం నేనే. ఈమె మా అత్తమ్మ. ఒక్కదాన్నే ఎందుకని తోడొచ్చింది."

నేను లేచి నిలబడ్డాను. రాసేది ఆడమనిషి కావచ్చని ఒక్కసారి కూడా అనుకోనందుకు మొదటి సిగ్గు అప్పుడే పడ్డాను. ఆవిడది సూర్యాపేట వైపు. పెళ్లయ్యాక మౌలాలి వచ్చింది. భర్త రైల్వేలో పనిచేస్తాడు.

"పిల్లలు పుట్టినంక నౌకరీ ఇడిసిపెట్టిన సార్. ఇప్పుడు మల్ల షురూ చేద్దామంటే ఎక్కడికి పోయినా గ్యాప్ గ్యాప్ అంటున్నరు. మీ టీమ్ నా కోడ్ తీసుకున్నంకనే జెర ధైర్యం వచ్చింది. నాకింకా పనొస్తదని."

అత్తగారు సాసర్‌లో చాయ్ పోసుకుని చల్లార్చుకుంటూ నన్నే చూస్తోంది. "నీ చేతి కింద ఎంతమంది చేస్తరు బిడ్డా?" అంది.

"ఎక్కువమంది లేరమ్మా."

"పెద్దోళ్లు గట్లనే చెప్తరు" అని కోడలి వైపు తిరిగి తలూపింది. నా కోసం దువా చేస్తానని కూడా అంది. నా చెవులు వేడెక్కాయి. ఎవరూ లేరని అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. ఒక్క మాట. కానీ ఆ కోడలు అంత ఆశగా ఎదురుగా కూర్చుని ఉంటే, ఆమెకి ధైర్యం ఇచ్చిన టీమ్ లేనే లేదని ఎలా చెప్పాలో తెలియలేదు.

వెళ్లబోతూ ఆమె అంది. "సార్, మీ దాంట్ల ఖాళీ గిట్ల ఉంటే నన్ను జెర యాద్ పెట్టుకోండి."

"తప్పకుండా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే బేగంపేటలోని ఒక కంపెనీ ప్రకటన కనిపించింది. నెట్‌వర్క్ పనులు తెలిసినవాళ్లు కావాలట. అది చదువుతున్నప్పుడు ఆమె గుర్తొచ్చింది. ఆమెకి పంపుదామనే అనుకున్నాను. ముందు నేను దరఖాస్తు పెట్టాను, ఆ తర్వాత పంపలేదు. ఇద్దరికీ ఒకే ఉద్యోగమైతే నేను ఎవరో ఆమెకి తెలిసిపోతుంది. ఆ భయం ఒకటి. ఆమె నాకంటే బాగా రాస్తుందన్న భయం ఇంకొకటి.

ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ వచ్చింది. ఈసారి భార్యకి నిజమే చెప్పాను. బస్సులో ప్యారడైజ్ దాకా వెళ్లి, అక్కడ మెట్రో ఎక్కి బేగంపేటలో దిగాను. ఆఫీసు పై అంతస్తులో ఒక అద్దాల గది ఉంది. దాని బయట గోడ వెంబడి వేసిన కుర్చీల్లో నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. ఒక్కరు తప్ప అందరూ నా సగం వయసువాళ్లు. చివరి కుర్చీలో గాలిపటం ఆవిడ ఉంది.

నన్ను చూడగానే ఆమె గబుక్కున లేచి నిలబడింది. ఆనందం దాచుకోవడం ఆమెకి చేతకాదు.

"సార్! ఇంటర్వ్యూ మీరే తీసుకుంటున్నరా? ఒక్క మాట సుత చెప్పలేదు!"

ఆ మాట వినగానే మిగతావాళ్లు కూడా లేచి నిలబడ్డారు. ఒకరు చేతిలోని ఫోన్ జేబులో పెట్టుకుని "గుడ్ మార్నింగ్ సార్" అన్నారు. నేను కాదనాలి. నోరు తెరిచాను కూడా. అంతలో ఆఫీసు అమ్మాయి వచ్చి అందరి దగ్గరా రెజ్యూమెలు తీసుకుంటూ నా ముందు ఆగింది.

"మీది కూడా ఇవ్వండి సార్."

సంచీ జిప్పు ఎంతకీ రాలేదు. చివరికి రెజ్యూమె తీసి ఇచ్చాను. నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే కూర్చున్నారు. గుడ్ మార్నింగ్ చెప్పిన మనిషి నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరగడం నాకు కనిపించింది. ఆమె మాత్రం, బట్టలు మార్చుకుంటున్నవాళ్ల గది తలుపు పొరపాటున తీసినట్టు చటుక్కున ముఖం పక్కకి తిప్పుకుంది. ఆ తిప్పుకోవడంలో ఉన్న మర్యాద నన్ను కాల్చేసింది. నవ్వినవాళ్ల నవ్వు అంత బాధించలేదు.

కాసేపటికి ఆమె తన పక్క కుర్చీలోంచి సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. "కూసొండి సార్. నీళ్లు తాగుతరా?" అని సీసా అందించింది.

కూర్చున్నాను. మెల్లగా చెప్పాను. "నాకు ఉద్యోగం లేదు. పోయి ఏడాది దాటింది. టీమ్ కూడా లేదు."

ఆమె నా వైపు తిరిగింది. "మరి నా కోడ్ చూసింది ఎవరు సార్?"

"నేనే."

"మొత్తం మీరొక్కరేనా? లైన్ లైన్‌కి రాసిన్రు గద సార్. నలుగురు కూసొని చూసిన్రనుకున్న."

ఆమె ఆ మాట ఆశ్చర్యంతోనే అంది. నన్ను ఓదార్చాలని అనలేదు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. "ఈ ఉద్యోగం గురించి మీకు చెప్పాల్సింది" అన్నాను. ఇంతలో నన్ను లోపలికి పిలిచారు.

లోపల ఇద్దరున్నారు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. నా లైబ్రరీ తమ దగ్గర రోజూ నడుస్తుందని, అది రాసిన మనిషిని చూడటం సంతోషంగా ఉందని ఇద్దరూ నిజమైన గౌరవంతో చెప్పారు. అబ్బాయి మార్కర్ నా చేతికిచ్చి, "ఇంత త్వరగా ఎలా వెతుకుతుందో కొంచెం బోర్డు మీద చూపిస్తారా సార్?" అన్నాడు.

నేను గీయడం మొదలుపెట్టాను. వరుసలు పేర్చాను, మధ్యలో గీత పెట్టాను, సగం కొట్టేశాను. పెద్ద వరుసలో చిన్న వరుస ఇమిడినప్పుడు ఏం చేయాలో కూడా చూపించాను. అమ్మాయి చకచకా రాసుకుంటోంది. "చాలా బాగుంది సార్" అంది. నాకు బాగానే ఉంది. చాలా కాలం తర్వాత నా మాట ఒకరు రాసుకుంటున్నారు. బోర్డు సగం నిండాక అద్దం అవతల ఆమె కనిపించింది, సీసా మూత బిగిస్తూ. అప్పుడు ఆగాను.

"ఈ భాగం నాది కాదండీ" అన్నాను. "బయట చివర కూర్చున్నావిడ రాశారు. ఇందాక నేను చెప్పిన తప్పు కూడా ఆవిడే పట్టుకున్నారు."

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. అబ్బాయి అడిగాడు. "మీ టీమ్‌లో మొత్తం ఎంతమంది సార్?"

"నేనొక్కణ్ణే. ఆవిడని కలిపితే ఇద్దరం."

నిజం చెప్పినందుకు మనసు తేలికపడాలి. పడలేదు. సగం బోర్డు దాకా చెప్పకుండా గీసినవాణ్ణి నేనే కదా అనిపించింది. వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి చాలా ఇబ్బంది పడుతూ చెప్పింది. "సార్, మా దగ్గర ఉన్నది చిన్న పోస్టు. మీ అనుభవానికి సరిపోదేమోనని..." ఆమె మాట పూర్తి చేయలేకపోతోంటే నేనే "అర్థమైందమ్మా" అని బయటికొచ్చాను. అప్పటికే గాలిపటం ఆవిడని లోపలికి పిలుస్తున్నారు. ఎదురుపడి, "ఆల్ ది బెస్ట్" అన్నాను. ఆమె "సార్" అని మాత్రం అంది.

సాయంత్రం షాపు కట్టేశాక భార్యకి అంతా చెప్పాను. హోటల్ మీటింగు నుంచి బోర్డు దాకా. దారప్పోగులు ఊడుస్తూనే విని, చీపురు గోడకి ఆనించి, "పెద్ద పెద్ద కంపెనీలు మీ పని వాడుకుంటున్నాయని మా అన్నయ్యకి చెప్పాను. అదీ అబద్ధమేనా?" అంది.

"అది నిజమే."

"మరి దేనికి సిగ్గు?"

ఏం చెప్పను? వాడుకుంటున్నారు, ఊరికే వాడుకుంటున్నారు, నువ్వు కింద మిషన్ తొక్కుతుంటే నేను పైన కూర్చుని "మేము" అని రాసుకుంటున్నాను. అదంతా ఆమెకి తెలుసు. ఆమె నోటితో అనకపోవడమే నాకు భారంగా ఉండేది. "ఇంకెప్పుడూ నా దగ్గర టీమ్ మీటింగ్ అనకండి" అని మాత్రం అని పైకి వెళ్లింది.

ఉద్యోగం గాలిపటం ఆవిడకి వచ్చింది. ఫోన్ చేసి చెప్పింది. మరుసటి ఆదివారం అత్తగారిని వెంటబెట్టుకుని మిఠాయి పెట్టెతో మా షాపుకి వచ్చింది. ఆదివారమైనా పెళ్లిళ్ల సీజన్ కావడంతో షాపు తెరిచే ఉంది. ఇద్దరు కస్టమర్లు కొలతలివ్వడానికి వచ్చి ఉన్నారు. నన్ను కిందికి పిలిచారు. నేను మెట్లు దిగుతుండగానే పెద్దావిడ రెండు చేతులూ ఎత్తింది.

"నీ ఒక్క మాటతోని నా కోడలికి నౌకరీ వచ్చింది బిడ్డా. నీ ఆఫీసు సల్లగుండాలె!"

కోడలు నేల చూపులు చూస్తోంది. ఇంట్లో చెప్పలేదన్నమాట. నా పరువు కాపాడాలని చెప్పకుండా ఉంచింది. నా భార్య చేతిలో టేపు పట్టుకుని నన్నే చూస్తోంది. కస్టమర్లు కూడా చూస్తున్నారు. నేను మెట్టు మీదే నిలబడి చెప్పాను.

"అమ్మా, నాకు ఆఫీసు లేదు. నాకే నౌకరీ లేదు. మీ కోడలు కూర్చున్న కుర్చీ పక్క కుర్చీలోనే కూర్చుని, అదే ఉద్యోగం అడగడానికి నేనూ వెళ్లాను. ఆవిడకి వచ్చింది."

పెద్దావిడ చేతులు దించింది. "మరి నా కోడలికి ఎట్ల ఇప్పిచ్చినవ్?"

"నేనిప్పించలేదు. ఆవిడే తెచ్చుకుంది."

"నాకు చెప్పకపోతివి?" అని కోడలి మీద విసుక్కుంది. కోడలు "అత్తమ్మా, ఇంట్ల మాట్లాడుకుందాం" అని గొణిగింది. పెద్దావిడ షాపంతా కలయజూసి నా భార్యతో, "అయితే ఇల్లు నడిపేది నువ్వా?" అంది. నా భార్య టేపు మెడలో వేసుకుంది. పెద్దావిడ మిఠాయి పెట్టె ఆమె చేతిలో పెట్టి, కోడలికి ఆఫీసుకి వేసుకుపోవడానికి కుర్తాలు కావాలని, చేతులు పొడుగ్గా ఉండాలని, మెడ దగ్గర బిగుతుగా ఉండొద్దని చెప్పడం మొదలుపెట్టింది. నేను మెట్ల మీదే ఉన్నాను. నాకు ఏ పనీ చెప్పలేదు. అందరూ నన్ను వదిలేసి గుడ్డల రంగుల గురించి మాట్లాడుకుంటున్నారు. ముఖం మండుతూనే ఉంది గానీ, పైకి పారిపోవాలనిపించలేదు. వెళ్లి చాయ్ పెట్టి తెచ్చాను.

ఆ వారమే లైబ్రరీ పేజీలో నా పేరు పక్కన ఆమె పేరు, రెండక్షరాలు కాకుండా పూర్తి పేరు, చేర్చాను. మార్పులు చేసే అధికారం ఆమెకీ ఇచ్చాను. వానలు మొదలయ్యాక నాకు కూడా ఉద్యోగం దొరికింది. లారీల రాకపోకలు చూసే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ, పాతదానితో పోలిస్తే చాలా చిన్న హోదా. చేరాను. క్లౌడ్ కంపెనీ తన నంబర్లను ప్రకటించే తీరు మార్చి లైబ్రరీ ఆగిపోయిన రోజున, ఇద్దరం ఫోన్లో మాట్లాడుకుంటూ సాయంత్రానికల్లా బాగుచేశాం. అవతల ఆమె వంటింట్లో కుక్కర్ కూతలు వేస్తోంది.

మొన్నామధ్య ఆమె ఫోన్ చేసింది. ఈ లైబ్రరీ ఎలా పనిచేస్తుందో తమ ఆఫీసులో అందరికీ వివరించమన్నారట. "మీరు సుత రండి సార్. ఇద్దరం కలిసి చెప్దాం. వాళ్లే పిలవమన్నరు."

ఆ అద్దాల గది కళ్ల ముందుకొచ్చింది. ఆఫీసులో పనుందని, ఆమె ఒక్కతే చెప్పగలదని అన్నాను. పనేమీ లేదు. సెలవు అడిగితే ఇచ్చేవాళ్లే. ఆమె వెళ్లి ఒక్కతే మాట్లాడింది. మొదట్లో తడబడినా తర్వాత బాగానే సాగిందట. ప్రశ్నలు చాలా అడిగారట.

ఆ సంగతి చెబితే నా భార్య సూదిలో దారం ఎక్కిస్తూ, "వెళ్లాల్సిందండీ" అంది.

నాకూ అదే అనిపించింది.